పై నంబరు మనిషి కిరండూల్లో

విమానాలు నడిపేదాన్ని రైలెక్కి బస్తర్ ఎందుకు వెళ్ళానో ముందే చెబుతాను. లేకపోతే దారి పొడుగునా మీరూ అదే అడుగుతారు, రైల్లో కలిసినవాళ్ళు అడిగినట్టే.

మా పైలట్లకు ఇంటిపేరు కన్నా ముఖ్యమైనది ఒకటుంది. అది సీనియారిటీ జాబితాలో నంబరు. కెప్టెన్ ముందు ఎవరవుతారు, పండక్కి సెలవు ఎవరికి, తెల్లవారుజాము విమానం ఎవరి నెత్తిన పడుతుంది, అన్నీ ఆ వరసే తేలుస్తుంది. నా పై నంబరు సత్యం. ఇద్దరం ఒకేరోజు చేరాం. వయసులో కొన్ని నెలలు పెద్ద కాబట్టి అతను పైన, నేను కింద. మా ఇద్దరి మధ్యా ఒక అలవాటుండేది. ఎవరు ఏ ఊళ్ళో దిగినా రెండోవాళ్ళకు "దిగాను" అని ఒక్క ముక్క పంపాలి. "రేపెక్కడికి?" అని జవాబు రావాలి. రెండేళ్ళ కిందట అతని గుండెకు స్టెంటు వేసి, ఎగరడానికి వీల్లేదని ఇంట్లో కూర్చోబెట్టారు. అతను బస్తర్‌లోని ఇనుప గనుల ఊరు కిరండూల్‌కు, అన్న దగ్గరికి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు జవాబివ్వడం మానేశాడు. తర్వాత నేనూ పంపడం మానేశాను.

ఈలోగా మా కంపెనీ ఇంకో కంపెనీలో కలిసింది. రెండు జాబితాలూ ఒకటి కావాలి, కొత్త కాంట్రాక్టు రావాలి. యూనియన్‌కూ యాజమాన్యానికీ నెలల తరబడి సాగిన పోట్లాట చివరికి ఒక షరతు దగ్గర ఆగింది. మీరడిగిన పనిగంటలూ సెలవులూ ఇస్తాం, కానీ జబ్బుచేసి రెండేళ్ళుగా నేలమీదున్నవాళ్ళ పేర్లు జాబితాలోంచి తీసేస్తాం అంది యాజమాన్యం. అంటే రేపు నయమై తిరిగొచ్చినా నిన్నమొన్న చేరిన పిల్లల కింద, అట్టడుగున నిలబడాలి. అలాంటివాళ్ళు మాలో కొద్దిమందే. అందరికన్నా పైనున్నవాడు సత్యం. ఎగరకపోయినా అతని పేరున్నంతకాలం తర్వాతి కెప్టెన్ వంతు అతనిదే. ఆ పేరు పోతే నాది.

యూనియన్ కార్యదర్శి ఫోన్ చేశాడు. "సుధా, నువ్వెళ్ళి మాట్లాడు. అతను సరేనంటే మిగతావాళ్ళూ సరేనంటారు. ఎవరికీ మచ్చ ఉండదు. నీకూ మంచిదేగా!"

ఆ చివరి మాట గుచ్చుకుంది. అబద్ధమైతే గుచ్చుకునేది కాదు.

విశాఖలో పొద్దున ఏడు కాకముందే కిరండూల్ పాసింజర్ కదిలింది. వెళ్ళేవాళ్ళకు ఒక సలహా. అద్దాల పెట్టె అరకుకే. అక్కడ ఫొటోలవాళ్ళంతా దిగిపోతారు, ఆ తర్వాత బండి సగం ఖాళీ. మామూలు పెట్టెలో కిటికీ పక్కన కూర్చోండి. సొరంగాలు లెక్కపెట్టాలని కూర్చుని ఇరవై దాటాక వదిలేశాను. పైనుంచి ఈ కొండల మీదుగా ఎన్నిసార్లు పోయానో! అప్పుడు ఇవన్నీ ఒక పచ్చటి మడత, అంతే. అరకులో వేడి వడలు తిన్నాను. కోరాపుట్ దగ్గర మధ్యాహ్నమైంది. పులిహోర పొట్లం తెచ్చుకుని బతికిపోయాను.

కోరాపుట్‌లో ఒక పెద్దామె ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. పుట్టిల్లు మన సరిహద్దు దగ్గరి కోంటా, జగదల్‌పూర్‌లో బట్టల దుకాణం ఉన్న ఇంటి కోడలు.

"ఏంది బిడ్డా, ఒక్కదానివే పోతున్నవా? ఏం నౌకరీ చేస్తవు?"

చెప్పాను. ఆమె నన్ను తలనుంచి కాళ్ళదాకా చూసింది.

"ఇమానం నడుపుతవా! మరి ఈ రైల్ల ఏం కష్టం నీకు?"

"నా సీనియర్ ఒకతను కిరండూల్లో ఉన్నాడమ్మా. చూడాలి."

"బీమార్ ఉన్నడా?"

"ఉన్నాడు."

"అయితే ఉత్త చేతుల్తోని పోతవా?" అని సంచిలోంచి నాలుగు సీతాఫలాలు తీసి నా ఒళ్ళో పెట్టింది. వద్దంటే వినలేదు. సత్యానికి ఏమైనా తీసుకెళ్ళాలన్న ఆలోచనే నాకు రాలేదు. జగదల్‌పూర్ దాకా ఆమె ఊపిరి తీసుకోకుండా మాట్లాడింది, హాయిగా అనిపించింది.

ఎందుకు హాయో చెప్పాలి. యూనియన్ మాట దాటినవాళ్ళకు మాలో ఒక శిక్ష ఉంది. తిట్టరు, కొట్టరు. కాక్‌పిట్‌లో చెక్‌లిస్టు ముక్కలు తప్ప ఇంకో మాట మాట్లాడరు. ఇంధనం, ఎత్తు, చక్రాలు, అంతే. హోటలుకు పోయే వ్యానులో పక్కన కూర్చోరు. టీ తాగుతావా అని అడగరు. పోయినసారి సమ్మెలో డ్యూటీకెళ్ళిన ఒకాయన ఏడాదిపాటు అలా ఎగిరి, చివరికి ఉద్యోగమే మానేశాడు. మూరెడు దూరంలో మనిషి ఉంటాడు, మాట ఉండదు. ఈ పని చెడితే నా గతీ అదేనేమోనన్న భయం బయల్దేరినప్పటి నుంచీ నా వెంట ఉంది.

జగదల్‌పూర్‌లో పెద్దామె దిగిపోయింది. అక్కడే టికెట్ కలెక్టర్ చెప్పాడు, ఆ వారం బండి దంతెవాడ దాటదని. కిరండూల్ దాకా వెళ్ళేవాళ్ళు ఇది ముందే కనుక్కోవాలి, తరచూ ఇలాగే అవుతుందట. కార్యదర్శికి సంగతి మెసేజ్ పెట్టాను. ఎనిమిది దాటాక దంతెవాడలో దిగి, అమ్మవారి గుడికి పోయే దారిలో ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. దుప్పటి శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు బకెట్లో ఇస్తారు. రొట్టె, పప్పు, బంగాళాదుంప కూర. నా ఉద్యోగంలో పరాయి ఊళ్ళ గదుల్లో సగం జీవితం గడిచింది, అయినా ఆ రాత్రి గది నాకు పెద్దదనిపించింది.

పొద్దున పోహా తిని జీపెక్కాను. పదిమంది నిండేదాకా కదలదు. డ్రైవరు భోపాల్‌పట్నం మనిషి, నా మొహం చూసి తెలుగులోకి మారాడు. బచేలి దగ్గర కొండమీదికి చెయ్యి చూపించాడు.

"అగో మేడం, గదే ఆకాశ్‌నగర్. గనోళ్ళ కాలనీ. పాస్ లేకుంటే పోనియ్యరు."

ఆకాశానికి పాసు కావాలన్నది నాకు కొత్త సంగతేం కాదు, నవ్వొచ్చింది. కిరండూల్ వస్తుంటే రోడ్డు, చెట్లు, గోడలు, ఆఖరికి మేకలు కూడా ఎర్రగా మారాయి. ఇనుప రాయి దుమ్ము.

సత్యం వాళ్ళ అన్న అప్పలరాజు గని వర్క్‌షాపులో ఫిట్టరు. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి పనికొచ్చి ఇక్కడే పోయాడు. క్వార్టర్ గుమ్మంలో సత్యం బూట్లు తొడుక్కుంటున్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి లేవలేదు, బూటు లేసు ముడేయడం పూర్తి చేశాడు.

"పనిమీద వచ్చావా, చూడ్డానికొచ్చావా?"

"పనిమీద."

"అయితే నడుస్తూ మాట్లాడుకుందాం. రోజూ ఈ ఎత్తు ఎక్కుతాను. డాక్టరు ఎక్కమన్నాడు."

ఎత్తు ఎక్కుతూ అంతా చెప్పాను. కాంట్రాక్టు, షరతు, కార్యదర్శి మాట. తర్వాతి వంతు నాదన్నది కూడా చెప్పాను. అది అతనికి తెలియని సంగతి కాదు. అతను మధ్యలో రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నాడు. ఎదుటి కొండ మీదనుంచి రాయి మోసే పట్టా గరగరమంటూ దిగుతోంది.

"వచ్చే నెల మళ్ళీ మెడికల్ ఉంది," అన్నాడు. "పాసవుతానో లేదో తెలీదు. కానీ నా పేరు నా చేత్తో కొట్టేసుకోను సుధా. నీకోసమైనా సరే."

నాకు కోపమొచ్చింది. దాచను. "అంతదాకా నేను కుడిపక్క కో-పైలట్ సీట్లోనే కూర్చోవాలా?" అన్నాను.

"కూర్చోవాలేమో. నేనైతే కుర్చీ లేకుండానే కూర్చున్నాను." ఎదుటి కొండవైపు చూస్తూ అన్నాడు, "రెండేళ్ళలో అక్కణ్ణుంచి నాకొచ్చిన ఫోన్లు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. ఎవరో ఒకరు ఆ జాబితా తెరిచినప్పుడు నా పేరు వాళ్ళ కంటబడుతుంది కదా అనుకుంటాను. అక్కడ కూడా లేకపోతే ఇంక నేనెక్కడున్నట్టు?"

సీతాఫలాల సంచి ఇచ్చాను. "నువ్వే కొన్నావా?" అన్నాడు అనుమానంగా. కాదని ఒప్పుకున్నాను. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

మధ్యాహ్నం అప్పలరాజు ఇంటికొచ్చాడు. అన్నం, చేపల పులుసు. గోడకు ఒక పాత పసుపు హెల్మెట్ వేలాడుతోంది. నేను దానివైపు చూడటం గమనించి అప్పలరాజే చెప్పాడు.

"మా నాన్నదమ్మా అది. కాలిరిగి ఏడాదిన్నర మంచం మీదే ఉండిపోనాడు. వర్క్‌షాపులో హెల్మెట్లు తగిలించీ మేకులుంటాయి కదా, ఆయన మేకు మీద అన్నాళ్ళూ ఇంకోడు చెయ్యెయ్యలేదు. కొత్తగా వచ్చినోళ్ళు నేలమీద ఎట్టుకున్నారు గాని."

"కంపెనీ ఏమనలేదా?"

"కంపెనీకేటి, తీసీమనే అంది. యూనియనోళ్ళు ఊరుకోలేదు. మనిషి వస్తాడు, వచ్చీదాకా ఉంటాది అన్నారు. అంతే."

సత్యం తల వంచుకుని ముల్లు తీసుకుంటున్నాడు. మా గొడవ గురించి అన్నకు ఏమీ చెప్పలేదని అప్పుడర్థమైంది.

మళ్ళీ జీపు, మళ్ళీ దంతెవాడ. సాయంత్రం ప్లాట్‌ఫారం మీద ఉండగా కార్యదర్శి ఫోన్.

"ఏమన్నాడు?"

"ఒప్పుకోలేదు."

"ఒక పని చెయ్యి. కలవలేకపోయానని మన పైలట్ల గ్రూపులో పెట్టు. బండి దంతెవాడ దాకే అని నీ మెసేజ్ ఉందిగా, ఎవరూ అడగరు. మిగతాది మేం చూసుకుంటాం. ఎల్లుండి మనందరి సంతకాలు. వచ్చే ఏడాది ఈపాటికి నువ్వు కెప్టెన్‌వి సుధా."

పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. పాలు మాత్రం నాకిష్టమే. పద్నాలుగేళ్ళుగా కెప్టెన్ కూర్చునే ఎడమ సీటు వైపు చూస్తున్నదాన్ని. అబద్ధమూ పెద్దది కాదు, సగం నిజమే, బండి నిజంగానే అక్కడ ఆగిపోయింది. బండెక్కి, బెర్తు మీద దుప్పటి పరుచుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. గీదం స్టేషను దాటాక గ్రూపులో రాశాను: "సత్యాన్ని కలిశాను. పేరు తీయడానికి అతను ఒప్పుకోలేదు. నేనూ ఒప్పుకోను. సంతకం పెట్టను."

చదివినట్టు గుర్తులు ఒకటొకటే పడ్డాయి. పుట్టినరోజులకు పేజీలకు పేజీలు రాసే గ్రూపు, ఒక్కరూ ఒక్క అక్షరం రాయలేదు. జగదల్‌పూర్‌లో పెద్దామె లాంటివాళ్ళెవరైనా ఎక్కుతారేమోనని చూశాను. పక్క బెర్తు విశాఖ దాకా ఖాళీగానే వచ్చింది.

విశాఖ నుంచి హైదరాబాదుకు మా కంపెనీ విమానమే. మాలో ఎవరైనా ప్రయాణికులుగా ఎక్కితే బయల్దేరేముందు కెప్టెన్ పిలిచి పలకరించడం ఆనవాయితీ. ఆ రోజు కెప్టెన్ నాకు బాగా తెలిసినవాడు, మా ఇంట్లో భోజనం చేసినవాడు. కాక్‌పిట్ తలుపు తీసే ఉంది. నేను విమానంలోకి అడుగుపెడుతుంటే నన్ను చూసి, కాగితాలవైపు తల తిప్పుకున్నాడు. ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి కళ్ళు దించుకుని సీటు చూపించింది. కిటికీ పక్క సీటే. కింద ఆ కొండలు మళ్ళీ ఒక పచ్చటి మడత.

వెళ్ళాలనుకునేవాళ్ళు వెళ్ళండి, వానలు తగ్గాక బాగుంటుంది. చేతిలో ఏదో ఒకటి పట్టుకెళ్ళండి. ఎవరికి వారే యమునా తీరే అనుకునే ఉద్యోగం నాది. మనిషి రాకపోయినా అతని మేకు ఖాళీగా ఉంచే ఊరు ఒకటి చూసొచ్చాను. ఇకమీదట విమానం దిగిన ప్రతిసారీ ఒంటరిగానే నడుస్తానని తెలుసు. భయంగానే ఉంది.

హైదరాబాదులో చక్రాలు నేలకు తగలగానే చుట్టూ ఫోన్లన్నీ మోగాయి. నాది మోగలేదు. అలవాటు తప్పిన వేళ్ళతో సత్యానికి రాశాను: "దిగాను."

టెర్మినల్‌కు పోయే బస్సులో చివర నిలబడ్డాను. తలుపులు మూసుకునేలోపు జవాబొచ్చింది.

"రేపెక్కడికి?"