మూర్తిగారికి గురువు దొరకని వైనం

బెజవాడ సత్యనారాయణపురంలో కాపురముండే శ్రీరామచంద్రమూర్తిగారు తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తా. 1974లో ఆయనకు రక్తపోటు వచ్చింది. రక్తపోటు చాలామందికి వస్తుంది. ఆయనకు దాంతోపాటు ఒక పుస్తకం కూడా వచ్చింది. ఓడలో పనిచేసే బావమరిది సింగపూరు నుంచి తెచ్చిచ్చాడు. అందులో తెల్లగడ్డం చైనా ముసలాయన ఒకడు గాలిలో నెమ్మదిగా చేతులు తిప్పుతూ, లోపలి శక్తితో పహిల్వాన్లను పడగొడుతున్నాడు. ఆ విద్య పేరు తాయ్‌చీ అనీ, ఒంటికి చాలా మంచిదనీ, అయితే మంచి గురువు దగ్గరే నేర్చుకోవాలనీ మొదటి పేజీలోనే రాసి ఉంది.

ఆ చివరి మాట మూర్తిగారికి బాగా నచ్చింది. కసరత్తు చెయ్యటం కన్నా గురువును వెతకటం తేలిక కదా. వారం తిరక్కుండా ఆఫీసులో లోపలి శక్తి గురించి ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

బెజవాడలో ఆయనకు తెలిసిన చైనావాడు ఒక్కడే. గవర్నరుపేటలో పళ్ళ డాక్టరు చెన్‌గారు. ఊళ్ళో అందరూ చెన్నయ్యగారనే పిలుస్తారు. ఆయనకు గడ్డం లేకపోయినా మూర్తిగారు సర్దుకుని, గొంతు తగ్గించి అడిగారు.

"డాక్టరుగారూ, మీ చైనా రహస్య విద్య సంగతి మాట్లాడదామని వచ్చానండి."

చెన్‌గారి చేతిలో పటకారు ఆగిపోయింది. అరవై రెండు చైనా యుద్ధం తర్వాత ఏళ్ళ తరబడి పోలీసు స్టేషనుకు వెళ్ళి సంతకాలు పెట్టొచ్చిన మనిషి ఆయన.

"నా దగ్గర రహస్యాలేం లేవండి బాబూ. పుట్టింది కలకత్తాలో. కాయితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి, చూపించమంటారా?"

మూర్తిగారు పుస్తకం తీశాక ఆయన ప్రాణం కుదుటపడింది. "ఇదా! నాకు పళ్ళు పీకటమే వచ్చండి. గుణదలలో శౌరమ్మగారని ఉన్నారు, రంగూన్ నుంచి వచ్చేసినావిడ. మా ఆవిడకి చెయ్యి పైకి లేచేది కాదు. ఆవిడ దగ్గర ఇది నేర్చుకున్నాకే జడేసుకుంటోంది. వెళ్ళండి."

రెండో శనివారం పొద్దున మూర్తిగారు రిక్షాలో గుణదల వెళ్ళారు. ఆడమనిషి ఇంటికి ఒంటరిగా వెళితే బాగుండదని భార్య రమాసుందరిని కూడా ఎక్కించుకున్నారు.

శౌరమ్మకు డెబ్బై దాటాయి. రంగూన్‌లో ఒక చైనా వ్యాపారి ఇంట్లో ఇరవయ్యేళ్ళు ఆయాగా చేసింది. ఆ ఇంటి ముసలమ్మ పక్కన రోజూ పెరట్లో నిలబడి ఈ విద్య నేర్చుకుంది. వీళ్ళు వెళ్ళేసరికి కోళ్ళకు నూకలు చల్లుతోంది.

"మీరేనా... గురువుగారు?"

"గురువేంటి బాబుగారూ, వచ్చింది చెప్తాను. మంచినీళ్ళు తాగుతారా?"

ఆ ఇంట్లో నీళ్ళనేసరికి మూర్తిగారికి దాహం తీరిపోయింది. పెదాలు తడుపుకుంటూ వద్దన్నారు. రమాసుందరి గ్లాసు అందుకుని గటగటా తాగేసింది.

"అయితే మోకాళ్ళు కాస్త వంచి నిలబడండి. భుజాలు వదిలెయ్యండి," అంది శౌరమ్మ.

ఇరవయ్యేళ్ళుగా బంట్రోతుల ముందు బిగించి ఉంచిన భుజాలు ఒక్క మాటతో దిగుతాయా? రెండు నిమిషాలకు మూర్తిగారి తొడలు వణికాయి. మూడో నిమిషంలో ఆయన పుస్తకంలోని సంగతులు శౌరమ్మకే వివరించటం మొదలుపెట్టారు. ఆమె ఓపిగ్గా విని, ఆయన ఛాతీ మీద రెండు వేళ్ళు ఆనించింది. నెట్టినట్టు కూడా లేదు. మూర్తిగారు వెనక్కి వెళ్ళి నూకల చాటలో కూర్చున్నారు. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి.

"మీకు మాటలెక్కువండి," అంది శౌరమ్మ. "అమ్మగారిని చూడండి."

ఎవరూ చెప్పకుండానే రమాసుందరి పక్కన మోకాళ్ళు వంచి నిలబడి ఉంది. అత్తగారి ఎదుట పద్దెనిమిదేళ్ళు నోరు మెదపకుండా నిలబడిన మనిషికి ఇది పెద్ద కష్టమనిపించలేదు.

తిరిగొచ్చేటప్పుడు రిక్షాలో మూర్తిగారు తీర్పు చెప్పారు. "గురువన్నాక కాళ్ళకు దణ్ణం పెట్టాలి. ఆయా కాళ్ళకా? పైగా సర్టిఫికెట్టేదీ?"

"నాకు మోకాలి నొప్పి కాస్త తగ్గినట్టుందండీ."

"అది నీ భ్రమ."

తర్వాత ఆయన చల్లపల్లి వెళ్ళి ఒక మాజీ పహిల్వానును చూశారు. ఆయనకు గడ్డం ఉంది, విద్య లేదు. రమాసుందరి మాత్రం గుణదల మాతకు మొక్కుకున్నానని చెప్పి ప్రతి మంగళవారం వెళుతూ వచ్చింది. మొక్కంటే మూర్తిగారు కాదనలేదు. శౌరమ్మకు చూపు మందగించాక కొత్తగా వచ్చేవాళ్ళకు రమాసుందరే నేర్పటం మొదలుపెట్టింది. ఆ సంగతి ఆయనకు తెలియదు. తెలుసుకునే తీరికా లేదు. అప్పటికే ఆయన చైనా విద్యల మీద ఊళ్ళో పేరున్న వక్త.

1978లో గాంధీనగరంలో ఒక క్లబ్బువాళ్ళు ఆయన్ను పిలిచి గంటసేపు మాట్లాడించారు. చివర్లో లాజరనే స్కూలు మేష్టారు లేచి అడిగాడు. "ఇది మన దగ్గర నేర్పేవాళ్ళు ఎవరన్నా ఉన్నారాండీ?"

మూర్తిగారు నిట్టూర్చారు. "లేరండీ. నాలుగేళ్ళు గాలించాను. ఈ జిల్లాకు ఆ అదృష్టం లేదు."

చప్పట్లు మోగాయి. దండ వేయించుకుని ఆయన కిందికి దిగేసరికి, రమాసుందరి లాజరు మేష్టారి కాయితం మీద ఏదో రాస్తోంది.

"ఏమిటది?"

"గుణదలకు దారి అడిగారండీ, చెప్తున్నాను."

"మంచిది," అన్నారు మూర్తిగారు. దండ తీసి ఆమె చేతికిచ్చి, రిక్షాను పిలవమన్నారు.