విచారణకొచ్చినవాళ్ళ దాహం

మేం టాటానగర్‌లోని భాలుబాసాలో అద్దెకున్నప్పుడు, ఒక ఎలక్షన్లో మా అత్త ఓటు ఎవరో వేసేశారు. లైన్లో నిలబడి లోపలికి వెళ్తే, మీది పడిపోయిందన్నారట. సిరా లేని వేలు చూపించినా వినలేదు. వేయించింది మా ఆయనకు కారఖానాలో పనిచ్చే ఠేకేదారు మనుషులే. లైన్లో ఆడవాళ్ళందరూ చూశారు. అత్త ఊరుకోక ఫిర్యాదు రాయించి వేలిముద్ర వేసింది. ఠేకేదారు వెంటనే మా ఆయన గేట్‌పాస్ లాక్కుని పని మాన్పించాడు. విచారణలో నిజమని తేలితే తిరిగిస్తానని యూనియన్ వాళ్ళ ముందు ఒప్పుకున్నాడు. మాకున్న ఆశ అదొక్కటే.

విచారణకి ఒక ఆఫీసరు మండుటెండలో సైకిల్ మీద వచ్చాడు. నెమ్మదైన మనిషి. కూర్చుంటూనే రూల్స్ చెప్పాడు. ఓటు ఎవరికి వేద్దామనుకున్నారో తను అడగకూడదు, ఆవిడ చెప్పకూడదు. ఇరుపక్షాల ఇళ్ళలోనూ మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. అతని హిందీని నేనే అత్తకు తెలుగు చేసి చెప్పాను. మొదటిది ఒప్పుకుంది గానీ రెండోది ఆవిడ చెవికెక్కలేదు. అంతా రాసుకునేసరికి అతని పెదాలు ఎండిపోయాయి. అత్త లోపలికెళ్ళి మజ్జిగ తెచ్చింది.

"రూల్ హై, మా జీ," అన్నాడతను. రూలుందమ్మా అంటున్నాడని చెప్పాను.

"గొంతు ఎండిపోతంటే రూలేటి బాబూ? నా కొడుకే ఎండనబడి వత్తే ఇవ్వనేటి? తాగీ," అని గ్లాసు చేతిలో పెట్టింది.

అతను వీధి వైపోసారి చూసి తాగేశాడు.

ఎదుటి పాన్‌ కొట్టు దగ్గరున్న ఠేకేదారు మనిషి అది చూశాడు. ఆఫీసరు ఫిర్యాదీ ఇంట తిని తాగి రాస్తున్నాడని పైకి అర్జీ వెళ్ళింది. అతన్ని తప్పించారు. రాసుకున్నది కూడా చెల్లదన్నారు.

రెండో ఆఫీసరు వచ్చేసరికి వానలు వెళ్ళి, చలి వెళ్ళి, మళ్ళీ ఎండలు ముదిరాయి. మా ఆయన టాటానగర్ గూడ్స్‌షెడ్డులో బస్తాలు మోస్తున్నాడు. ఆ రోజు అత్త గ్లాసులన్నీ నాచేత లోపల పెట్టించింది. ఆఫీసరు కూర్చోనైనా లేదు. సాక్షుల కోసం వీధంతా తిరిగాడు. ఓటు రోజు లైన్లో ఉన్న ఆడవాళ్ళ మొగుళ్ళకూ పాస్‌లిచ్చేది ఆ ఠేకేదారే. ఎవరికీ ఏమీ గుర్తులేదు. తిరిగొచ్చి, సాక్ష్యం లేదని రాసింది చదివి వినిపించి, అత్తచేత వేలిముద్ర వేయించుకుని, కాగితాలు సంచిలో పెట్టాడు. అప్పుడు నుదురు తుడుచుకుని మంచినీళ్ళు అడిగాడు.

అత్త నా మొహం చూసింది. "ఏటే, ఈ బాబుకి రూల్లేదేటి?"

అడిగాను. విచారణ అయిపోయిందిగా, ఇక తాగొచ్చన్నాడు.

లోపల మంచం మీదున్న మా ఆయన లేచి, చొక్కా తొడుక్కుని గూడ్స్‌షెడ్డుకి వెళ్ళిపోయాడు. అత్త గ్లాసు కడిగి నీళ్ళు తెచ్చిచ్చింది. ఇంకో గ్లాసు కావాలేమో అడగమని నాతో అంది.