నేను తోలుని కాదు
విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో అమ్మ పక్కన కూర్చుని చేపలు కోస్తుంటే నా వేలు తెగింది. మేనత్త పసుపు అద్దుతూ నవ్వింది.

"అచ్చం మీ యమ్మవే. నీకూ ఈ గంపే గతి. డిగ్రీ ఏటికే?"

నాకు ఒళ్లు మండింది. ఆ వారమే మద్దిలపాలెం కాలేజీలో విన్న పాఠం నోటికొచ్చేసింది.

"వేలు మానాలంటే కణం ఒకసారి చీలి, అచ్చం తనలాంటివే రెండవుతాది. అది మైటోసిస్. అందుకే పాత తోలే మళ్లీ వస్తాది. అండం తయారవడం మియోసిస్. అక్కడ కణం రెండుసార్లు చీలతాది. అమ్మకి తాత ఇచ్చిన క్రోమోజోములూ, అమ్మమ్మ ఇచ్చినవీ పేకముక్కల్లా కలిసిపోయి, సగమే అండంలోకి వస్తాయి. నాలో మిగతా సగం నీ తమ్ముడిదే కదా! అత్తా, నాను మా యమ్మ వేలికొచ్చిన తోలుని కాదు, కడుపున పుట్టిన బిడ్డని."