నేనెక్కితేనే వెలిగే లైటు

మా పికప్ బండిలో ఆ ఎర్ర లైటు నేనెక్కితేనే వెలిగేది. మా ఆయన ఒక్కడే కొబ్బరి తోపుకు పోయిన రోజు ఏ గొడవా ఉండదు. పక్కన నేను కూర్చుని కొంత దూరం పోయామో లేదో, ఫోర్ వీల్ డ్రైవ్ చెక్ చేయించమని తెర మీద ఇంగ్లీషులో ఒక వాక్యం, దాంతోపాటు కీచుమని చప్పుడు. నా బరువుకు బండి మొరపెట్టుకుంటోందని ఇంట్లో అందరూ ఒకటే నవ్వు. నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మా తోపు తమిళనాడులో ఉడుమలైపేట అవతల. ఇంటి నుంచి చాలా దూరం తారు రోడ్డే, చివర్న మాత్రం నల్లరేగడి బాట. వాన పడితే నాలుగు చక్రాలూ లాగితే తప్ప అక్కడ బండి కదలదు. అందుకే ఈ బండి కొన్నాం. పెళ్ళయినప్పటి నుంచి పొద్దున్నే ఆయనతో తోపుకు పోవడం నాకు అలవాటు. మేమిద్దరం తీరిగ్గా మాట్లాడుకునేది ఆ దారిలోనే. అలాంటిది, "బండి సరయ్యేదాకా నువ్వు ఇంట్లోనే ఉండు కన్నూ" అని బుజ్జగించడం మొదలుపెట్టాడు. నన్ను వదిలించుకోవడానికి బండికి జబ్బు అంటగడుతున్నాడేమో అనిపించి ఏడుపొచ్చింది.

పేటలో మెకానిక్ ఫ్యూజు మార్చాడు, బ్యాటరీ చూశాడు, వైర్లు తుడిచాడు, టైర్లన్నీ ఒకే సైజా అని కొలిచాడు. అతను నడిపితే ఏ లైటూ రాదు. చివరికి మా ఇద్దరినీ చూసి అడిగాడు.

"తారు రోడ్డులో ఫోర్ వీల్ పెట్టి నడుపుతా ఉండారా అక్కా? ఎండిన రోడ్డులో వంపు తిరిగితే లోపల గేర్లు బిగుసుకుంటాయి. అట్లనే పోతే విరిగిపోతాయి."

ఫోర్ వీల్ స్విచ్చి స్టీరింగుకు అవతలి పక్క ఉంటుంది. నాకు కనబడదు. మా ఆయన నా వైపు చూడలేదు.

మా ఆయన నాకు మేనమామ కొడుకు, మామా అనే పిలుస్తాను. ఇంటికొచ్చే దారిలో అడిగేశాను.

"నువ్వేనా మామా?"

"నువ్వు ఎక్కినప్పుడు మట్టుకే" అన్నాడు. "పోయిన వానల్లో కాలవ మలుపులో బండి జారింది గదా. నీ తల అద్దానికి కొట్టుకున్నింది. అప్పట్నుంచి నువ్వు పక్కన ఉంటే నాకు చెయ్యి వణుకుతాది. నాలుగు చక్రాలూ పట్టుకోని ఉంటే కొంచెం ధైర్యం."

ఆ బొప్పి సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. లోడు బండిని ఒంటి చేత్తో వెనక్కి తిప్పే మనిషి ఇలా అంటుంటే నా చెయ్యి ఆ బొప్పి కట్టిన చోటికి పోయింది.

మర్నాడు ఫోర్ వీల్ తీసేసి బయల్దేరాం. లైటు రాలేదు. ఆయన నుదురంతా చెమట. కాలవ మలుపు ఇంకా రాకముందే బండి ఆపేశాడు.

"దిగి నడిచి రా కన్నూ. అవతల ఎక్కించుకుంటాను."

తిట్టబోయాను. స్టీరింగు మీద బిగుసుకున్న ఆయన వేళ్ళు చూసి దిగాను. మోపెడ్ల మీద పోయేవాళ్ళు వింతగా చూస్తుంటే చెప్పులీడ్చుకుంటూ నడిచాను.

ఇప్పుడు రోజూ అక్కడ దిగుతున్నాను. దాంతో ఆయన చెయ్యి వణకడం లేదు. ఆ మలుపులో ఆయన ఒక్కడే బండి తిప్పుతుంటే, రోడ్డు పక్కన నిలబడి ఊపిరి బిగబట్టుకునేది నేను.