ఈరన్న సార్‌కు దక్కని ప్రతి

మా గురువుగారు, చిత్రకారులు ఈరన్న సార్ ఇక లేరన్న వార్త మొన్న ఉదయం కోయిలకుంట్లలో నేను పనిచేసే బడికి ఫోన్లో వచ్చింది. నల్లబల్ల మీద పిల్లలకు కుండ బొమ్మ గీస్తున్నాను. సగం గీసిన కుండను అలాగే వదిలేసి కర్నూలు బస్సెక్కాను. డెబ్బై దాటిన మనిషి, ఏడాదిగా మంచంలోనే ఉన్నారు, ఈ కబురు ఏదో ఒకరోజు రాక తప్పదని తెలుసు. అయినా దారి పొడుగునా నా మనసు దాన్ని ఒప్పుకోలేదు.

సార్‌ది కోసిగి దగ్గర పల్లె. వానల్లేని ఏళ్ళలో అక్కడి జనం మూటాముల్లె సర్దుకుని వలసపోతారు. సార్‌కు ఏడేళ్ళప్పుడు వాళ్ళమ్మ నరసమ్మ పిల్లలిద్దరినీ వెంటబెట్టుకుని తూర్పు సముద్రతీరానికి కూలికి వెళ్ళింది. అక్కడ ఒడ్డునే ఉన్న పురాతనమైన దొరల బంగళాకు మరమ్మతులు జరుగుతున్నాయి. ఆమె సున్నం మోస్తుంటే, సార్ వరండాలో చెల్లెలు లక్ష్మమ్మ ఉయ్యాల ఊపుతూ స్తంభాలు లెక్కపెట్టేవారట. ఉప్పుగాలికి పెచ్చులూడిన ఆ గోడలు, సముద్రం వైపు తెరుచుకునే ఆ కిటికీలు ఆయన మనసులో ఆజన్మాంతం నిలిచిపోయాయి.

అరవయ్యో ఏట ఆ బంగళాను మైనం పూసిన జింకు రేకు మీద సూదితో చెక్కారు. రేకును యాసిడ్‌లో ముంచి, సిరా పట్టించి, రోలర్ ప్రెస్సులో తడికాగితం మీదికి దించే అచ్చుచిత్రం అది. మొత్తం ముప్పై ప్రతులు. ఒక్కో ప్రతి కింద అది ఎన్నోదో పెన్సిల్‌తో రాసి సంతకం చేస్తారు. చివరి ప్రతి దిగగానే రేకు మీద ఈ మూల నుంచి ఆ మూలకు గీత గీసేస్తారు. ఇక దానితో మరో ప్రతి తీయకూడదు. ఈ విద్యలో అది ఆచారం, సార్‌కు అది వ్రతం.

ప్రతులు కావాలన్నవాళ్ళలో కడప పెద్దమనిషి ఒకాయన, "సముద్రం మనకెందుకు సారూ, పక్కనే గండికోట ఉండాది, అది గీయరాదా?" అన్నాడు.

"గండికోటను అందురూ గీస్తాండారప్పా. మా అమ్మ సున్నం మోసిన ఇల్లు నేను గీయకపోతే ఇంకెవురు గీస్తారు?" అన్నారు సార్. ఆ పెద్దమనిషి ఒక ప్రతికి పేరు రాయించుకున్నాడు.

మా కర్నూలు ఎండకు తడికాగితం క్షణాల్లో అప్పడమైపోతుంది. అందుకని తెల్లవారుజామునే, కాగితాలను తడి గోనెపట్టాల్లో చుట్టిపెట్టి పని చేసేవాళ్ళం. ఆఖరి రోజు సార్ ప్రెస్సును నా చేతికిచ్చి, "ఇరవై తొమ్మిది నీది, ముప్పై మా అమ్మది," అన్నారు. నా గర్వం చెప్పతరం కాదు. ఆ గర్వంలోనే ఒక ప్రతి అంచును సిరా అంటిన బొటనవేలితో పట్టుకున్నాను. వేలిముద్ర బొమ్మలోని ఆకాశం మీద పడింది. చెబితే తిడతారని దాన్ని కట్ట మధ్యలోకి తోసేశాను. దాంతో కలిపి లెక్క ముప్పైకి వచ్చింది. గీత గీసే గౌరవం కూడా సార్ నాకే ఇచ్చారు. నేను నోరు విప్పకుండా గీసేశాను.

మర్నాడు సంతకాలు చేస్తుంటే ఆ ప్రతి బయటపడింది. నేను ఏడుస్తూ, ఆ రేకుతోనే ఇంకొకటి తీసి గీత పడిన చోట కుంచెతో దిద్దుదామన్నాను.

"గీత గీసినాక రేకు సచ్చినట్లేప్పా. సచ్చినదాంతో పని జేయించగూడదు," అన్నారు సార్. పాడైన ప్రతిని నాలుగు ముక్కలు చేశారు. అప్పటికే అన్నిటికీ పేర్లు రాసి ఉన్నాయి. పేరు చెప్పుకుని అడిగేవాళ్ళు లేనిది వాళ్ళమ్మకని ఉంచుకున్న ముప్పయ్యో ప్రతి ఒక్కటే. పాడైనదాని బదులు దాన్నే ఇచ్చేశారు. నా ఇరవై తొమ్మిదోది మాత్రం చెప్పిన ప్రకారమే నా చేతిలో పెట్టారు.

నేను తీసుకున్నాను. సిగ్గులేకుండా అద్దం కట్టించి ఇంట్లో తగిలించుకున్నాను. నరసమ్మగారు ఆ బొమ్మ చూడకుండానే మరుసటి ఏడాది కన్నుమూశారు. తర్వాత సార్‌కు చేతులు వణకడం మొదలై మళ్ళీ సూది పట్టలేదు. మా ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ పటం ముందు కాసేపు నిలబడి, "కిటికీలు బాగా పడినాయిలే," అనేవారు. సార్‌కు ఇచ్చేద్దామని ప్రతిసారీ అనుకునేవాణ్ణి. నా చేత్తో దించిన తొలి ప్రతి కదా అని మళ్ళీ ఆగిపోయేవాణ్ణి.

అంత్యక్రియలైన మూడోరోజు ఆ పటాన్ని తీసుకెళ్ళి లక్ష్మమ్మగారి ముందు పెట్టాను. ఆమె కొంగుతో అద్దం తుడిచారు.

"ఇది నీ ఇంట్లో ఉండాదని మాయన్న శానాసార్లు చెప్పినాడప్పా. అడిగి తెచ్చుకోరాదా అంటి. 'అడిగితే ఇచ్చేస్తాడు లచ్చీ, అందుకే అడగల్యా' అనె."

అటువంటి నిష్ఠాగరిష్ఠుణ్ణి, అంతటి ఉదారహృదయుణ్ణి ఈ సీమ మళ్ళీ చూడదు. ఆ మహనీయుడి పాదాలకు నమస్కరించే అర్హత నాకుందో లేదో తెలియదు. ఆయన అడగలేదు. అడగకుండానే ఇవ్వడానికి నాకు పదకొండేళ్ళు ఉండినాయి.