వెంకమ్మ బజారులో తిన్న బోటి

వెంకమ్మకు బోటి కూరంటే ప్రాణం. ఆ సంగతి పెళ్లైన దగ్గర్నుంచీ ఆమె ఎవరికీ చెప్పుకోలేదు. భర్త సారంగపాణికి ఆ వాసనే పడదు. ఇల్లెందు బొగ్గుగనిలో ఆయన పనిచేసినన్నాళ్లూ ఏ షిఫ్టుకు పోతే ఆ వేళకు లేచి, వండి, డబ్బా కట్టి పంపింది. ఆయన డ్యూటీ దిగి వచ్చేసరికి మళ్లీ అన్నం పొగలు కక్కుతూ ఉండాలి. తను మాత్రం అందరి తిండీ అయ్యాక, గిన్నె అడుగున మిగిలింది వంటింటి గోడకు ఆనుకుని తినేది. గని కాలనీలో ఆడవాళ్లంతా అట్లాగే తినేవాళ్లు కాబట్టి అదొక లోటని ఎప్పుడూ అనిపించలేదు.

రిటైరయ్యాక ఇద్దరూ ఖమ్మం వచ్చి, ఖిల్లా దగ్గర ఒక సందులో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. కూతురు అరుణశ్రీ భద్రాచలం దవాఖానాలో నర్సు. వచ్చిన ఏడాదే సారంగపాణికి కడుపులో పుండు పడింది. ఉప్పూ కారం బందు పెట్టమన్నాడు డాక్టరు. పొద్దున జావ, మధ్యాహ్నం మజ్జిగన్నం, రాత్రి మళ్లీ జావ. వెంకమ్మకు చేయడానికి పనే లేకుండా పోయింది. తన ఒక్కదాని కోసం కూర వండుకోబుద్ధి కాలేదు.

ఆ సందు నిండా మాత్రం తిండి వాసనలే. పొద్దున మూలమీద మైసూరు బజ్జీల బండి. పదింటికి బిర్యానీ హోటల్లో ఉల్లిగడ్డలు వేగే వాసన. సాయంత్రం మిర్చీలు, పునుగులు. చీకటి పడుతుంటే మెయిన్ రోడ్డు మీద వైన్ షాపు పక్కన దూలయ్య బండి దగ్గర జొన్నరొట్టె, గోంగూర బోటి. ఆ వాసన కిటికీలోంచి రాగానే వెంకమ్మకు చిన్నప్పుడు ఆదివారం సంతకు పోయి తండ్రి తెచ్చిన మేక పేగుల్ని తల్లి వేడినీళ్లతో కడిగి కడిగి వండటం కళ్లకు కట్టేది. నోట్లో నీళ్లూరేవి.

ఒకరోజు చీరకొంగు సర్దుకుని బజ్జీల బండి దగ్గరకు పోయింది.

"ఎన్ని కట్టాలమ్మా?" అన్నాడు బండి అతను, కాగితం చింపుతూ.

"కట్టుడొద్దు. ఇక్కడనే తింట."

అతను ఒకసారి ఆమెనూ, ఒకసారి బెంచీనీ చూశాడు. బెంచీ మీద నలుగురు మగవాళ్లు కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఒక్కరూ జరగలేదు. వెంకమ్మ ప్లేటు పట్టుకుని మోరీ పక్కన నిలబడింది. వెనకనుంచి బండ్లు హారను కొడుతుంటే అటూ ఇటూ జరుగుతూ సగం తిని, చట్నీ కొంగు మీద ఒలకబోసుకుని ఇంటికొచ్చింది.

బిర్యానీ హోటలుకు పోతే అంతకన్నా అన్యాయం. కింద కుర్చీలు ఖాళీగా ఉన్నా, "ఫ్యామిలీ పైన" అంటూ మెట్లు చూపించారు. మోకాళ్లు పట్టుకుని ఎక్కింది. వెయిటరు వచ్చి నాలుగు గ్లాసులు నీళ్లు పెట్టి మాయమయ్యాడు. ఎంతకీ రాడే! చివరికి గొంతెత్తి పిలిచింది.

"మీవాళ్లు రానియ్యండి, ఒక్కసారే ఆర్డర్ తీసుకుంట" అన్నాడు.

"ఎవ్వరు వస్తలేరు. నేనే వచ్చిన."

"అయ్యో" అన్నాడు వాడు, ఎవరో పోయారని విన్నట్టు.

వెంకమ్మకు ఒళ్లు మండింది. ప్లేటు వచ్చేలోపు పిల్లాజెల్లాతో ఒక కుటుంబం ఎక్కి వచ్చింది. "అమ్మా, మీరొక్కరే గదా, గటు కూసోండి" అని ఆమెను చేతులు కడుక్కునే తొట్టి పక్కకు మార్చారు. ముద్ద నోట్లో పెట్టుకుంటుంటే పక్కన ఎవరో పుక్కిలించి ఉమ్మారు. బిర్యానీ కూడా కింద నుంచి పైకి తెచ్చేసరికే చల్లారిపోయి ఉంది.

అరుణశ్రీకి ఫోన్ చేసి చెప్పుకుంటే కూతురు నవ్వింది. "గా తిప్పలేందమ్మా? నేను ఫోన్ల ఆర్డర్ పెడ్త. ఇంటికే తెచ్చిస్తరు."

"ఇంట్ల తినుడు నాకు తెల్వదా?" అని వెంకమ్మ ఫోన్ పెట్టేసింది.

పక్కింట్లో ఖమరున్నీసా జాకెట్లు కుడుతుంది. ఇద్దరికీ మంచి స్నేహం. సంగతి విని, "నేను చేసిపెడ్త వెంకమ్మక్కా, బోటి నాకూ వస్తది. మా ఇంట్ల కూసొని తిను" అంది.

"నువ్వు చేస్తే పొయ్యి కాడ నువ్వు మాడాలె. తిన్నంక నేను ఊకుంటనా, గిన్నెలు ముందటేసుకుంట. మళ్ల అదే ఆయె గదా! నువ్వే నాతోని రా, దూలయ్య బండి కాడికి పోదం."

ఖమరున్నీసా మిషను ఆపేసింది. "వైన్ షాపు ముందటికా? నేను రాను తల్లీ. నా గిరాకీల మొగుళ్లంతా ఆడనే ఉంటరు. రేపు ఒక్క జాకెట్టు రాదు నాకు."

ఆ మాటా నిజమే. వెంకమ్మ నాలుగు రోజులు ఊరుకుంది. ఐదో రోజు సాయంత్రం జావ గ్లాసు చేతికిస్తే సారంగపాణి ఒక గుక్క తాగి, "ఇయ్యాల పలచనైంది" అన్నాడు. అంతే. వెంకమ్మ చెప్పులు వేసుకుని బయటికి నడిచింది.

దూలయ్య బండి చుట్టూ ప్లాస్టిక్ స్టూళ్ల మీద మగవాళ్లు గుంపులు గుంపులుగా ఉన్నారు. ఆమె దగ్గరికి రాగానే ఒకడు గ్లాసును కాళ్ల కిందికి దాచుకున్నాడు. పెనం మీద రొట్టె తిప్పుతున్న దూలయ్య కంగారుపడ్డాడు.

"పెద్దమ్మా, మీరు ఇంటికి నడువుండ్రి. పార్సిల్ జల్దీ కట్టించి పంపుత."

"నేను పార్సిల్ అడిగిన్నా? రెండు రొట్టెలు, బోటి పెట్టు. ఇక్కడనే తింట."

"ఇక్కడ అందరు తాగెటోళ్లమ్మా..."

"వాళ్లు తాగుతరు, నేను తింట. వాళ్ల గ్లాసు నేను గుంజుకుంటున్ననా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. వెంకమ్మ ఖాళీ స్టూలు తానే లాక్కుని కూర్చుంది.  కొంగు నడుముకు దోపుకుంది. దూలయ్య ఇంక చేసేది లేక ప్లేటు పెట్టాడు. రొట్టె మీద నుంచి పొగ లేస్తోంది.

మొదటి ముద్ద నోట్లో పెట్టుకోబోతుంటే, "వదినా! మీరేంది ఈడ?" అని ఒక గొంతు. సారంగపాణితో గనిలో పనిచేసిన రాంబాబు. జవాబు కోసం ఆగకుండా పక్కకు పోయి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. ఎవరికి చేస్తున్నాడో అడగాల్సిన పనిలేదు.

వెంకమ్మ గబగబా తినడం మొదలుపెట్టింది. బోటి నమిలింది. ఇంకా నమిలింది. రబ్బరులా సాగుతోంది. సరిగ్గా ఉడకలేదు. గోంగూర పులుపు తప్ప ఏమీ తెలియడం లేదు. ఇన్నాళ్లు కిటికీ దగ్గర నిలబడి ఆశపడింది దీనికోసమా! ఏడుపొచ్చినంత పనైంది. అంతమంది చూస్తుండగా వదిలేసి లేవడానికి మాత్రం మనసొప్పలేదు.

అప్పుడే సారంగపాణి స్కూటరు వచ్చి ఆగింది. మొహం జేవురించి ఉంది.

"లే. ఇంటికి నడువ్."

"రొట్టె అయిపోనియ్."

"నలుగురు నవ్వుతున్నరు. నీకేం తక్కువ చేసిన నేను?"

"తక్కువ చేసినవని నేనన్ననా? ఆకలైంది, తింటున్న."

సారంగపాణి చుట్టూ చూశాడు. అందరూ తలలు తిప్పుకున్నారు. రాంబాబు ఎటు పోయాడో కనబడలేదు. దూలయ్య చప్పుడు చేయకుండా ఒక స్టూలు తెచ్చి ఆయన వెనక పెట్టాడు. కాసేపు నిలబడి, కడుపు పట్టుకుని, ఆయన దాని మీద కూలబడ్డాడు. ముక్కుకు తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు.

వెంకమ్మ రెండో రొట్టె తుంచింది. "దూలయ్యా, బోటి ఉడకలే. ఇంకో గంట పొయ్యి మీద ఉంచాలె."

"గిరాకీ ఆగదు పెద్దమ్మా" అన్నాడు దూలయ్య, తల గోక్కుంటూ.

మొగుడూ పెళ్లాం ఒకే స్కూటరు మీద ఇంటికొచ్చారు. మర్నాటికల్లా సందంతా తెలిసిపోయింది. నీళ్లు పట్టుకునే దగ్గర ఆడవాళ్లు గుసగుసలాడారు. భద్రాచలం నుంచి కూతురు ఫోన్ చేసి, "నాన్నకు పరువు పోయిందట" అని కోప్పడింది. సారంగపాణి మూడు రోజులు జావ తనే కాచుకున్నాడు, మాడ్చుకున్నాడు, అదే తాగాడు. వెంకమ్మ చూస్తూ ఊరుకుంది.

ఖమరున్నీసా మాత్రం గోడ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగింది. "ఎట్లున్నదక్కా?"

"ఏముంది, తోలు నమిలినట్టున్నది. దానికోసం గింత లొల్లి."

"మరి ఇంక పోవు గదా?"

వెంకమ్మ ఆరేసిన చీర దులిపింది. "కాల్వొడ్డు కాడ ఇంకో బండి ఉన్నదంట. ఆడ ఒక ఆడామె చేస్తదంట. శుక్రవారం పోత. వస్తవా?"

ఖమరున్నీసా లోపలికి పోయి మిషను తొక్కడం మొదలుపెట్టింది. శుక్రవారం సాయంత్రం వెంకమ్మ ఒక్కతే ఆటో ఎక్కింది. అక్కడ బెంచీలు నిండా మగవాళ్లే. చాలాసేపు నిలబడ్డాక, బండి ఆమె గరిటె చేతపట్టుకుని, "అవ్వ నిలబడ్డది కనబడ్తలేదా, జరుగుండ్రి" అని కసిరితే, ఒక కుర్రాడు విసుక్కుంటూ, ఒక మూల, సగం తొడ ఆనేంత జాగా ఇచ్చాడు. వెంకమ్మ అందులోనే సర్దుకుని కూర్చుంది.