గంటా పది నిమిషాల దూరం

మా కింది వాటాలో ఉండే పెద్దమ్మ ముప్పై ఏళ్లుగా విమానం టికెట్లు అమ్ముతోంది. వీధిలో అందరికీ ఆవిడ టికెట్ల పెద్దమ్మే. మా పాపకు ఒళ్లు వెచ్చబడితే నేను ముందు కొట్టేది ఆవిడ తలుపే.

చెల్లెలున్న ఊరు ఎంత దూరమని ఎవరడిగినా ఆవిడ తడుముకోకుండా చెప్పేది. ఆకాశంలో ఆరు వందల కిలోమీటర్లు, ప్రయాణం గంటా పది నిమిషాలు. విమానాశ్రయానికి చేరడం, అక్కడి వరసలు, దిగాక మళ్లీ ఊళ్లోకి పోవడం ఆ లెక్కలోకి వచ్చేవి కావు. ఆ వ్యాపారంలో అందరూ అలాగే చెప్తారు.

బస్సు తప్ప మరో దారి లేని రోజుల్లో ఒళ్లు హూనమైనా ఏడాదికి మూడుసార్లు వెళ్లొచ్చేదట. చెల్లెలి రెండు కాన్పులకూ ముందే వెళ్లి కూర్చుంది. ఆ ఊరికీ విమానాలొచ్చాక రాకపోకలు తగ్గిపోయాయి. గంట పనే కదా, ఎప్పుడైనా వెళ్లొచ్చు అనుకునేది.

చెల్లెలి కాలేయం పాడైందని తెలిశాక, ప్రతి శుక్రవారం విమానంలో తనకో సీటు ఆపి ఉంచేది. డబ్బు కట్టకుండా ఒకట్రెండు రోజులు అలా ఆపుకునే వీలు వాళ్లకుంటుంది. ఈలోగా ఎవరో ఒకరు పరుగెత్తుకొచ్చేవారు, ఇంటర్వ్యూ అనో, తండ్రికి బాగాలేదనో. ఆవిడ మనసు ఊరుకునేది కాదు. తన సీటు వాళ్లకిచ్చేసి, వచ్చేవారం తప్పకుండా వస్తానని చెల్లెలికి ఫోన్ చేసేది. మంచం పట్టినా ఆ చెల్లెలి నోటికి మాత్రం ఏ జబ్బూ లేదు. స్పీకర్లో ఆ చెల్లెలి గొంతు మా వంటింట్లోకి వినిపించేది.

"ఊరందరినీ తెచ్చి మా ఊళ్లో దింపుతున్నావు కదే అక్కా, వాళ్లతోపాటు నువ్వూ ఎక్కకూడదూ?"

"వస్తానే. గంటలో నీ ముందుంటాను."

"ఆ గంట ఎప్పుడు మొదలవుతుందో చెప్పు ముందు."

ఇద్దరూ నవ్వుకునేవారు.

ఆ శుక్రవారం సీటు ఒక చంటిపిల్ల తల్లికి వెళ్లింది. ఆమె భర్తకు యాక్సిడెంటట. ఎవరు మాత్రం కాదనగలరు? శనివారం పొద్దున్నే మరిది ఫోన్ చేశాడు. చెల్లెలికి తెలివి వస్తూ పోతూ ఉందని, వెంటనే బయల్దేరమని.

పెద్దమ్మ ఎవరెవర్నో బతిమాలి మధ్యాహ్నం విమానంలో సీటు సంపాదించింది. నేనే కారులో దింపాను. తీరా చూస్తే అవతలి ఊళ్లో గాలివాన. విమానం కదల్లేదు. అద్దంలోంచి అది కనిపిస్తూనే ఉందని, ఎవరూ ఏమీ చెప్పడం లేదని ఆవిడ నాకు ఫోన్ చేస్తూనే ఉంది. ఇంకాసేపట్లో తెరిపి ఇస్తుందిలెండి అన్నాను. పొద్దువాలాక ఎగిరింది. ఎగిరాక ఆలస్యమేమీ కాలేదు.

ఆవిడ చేరేసరికి అంతా అయిపోయింది. ఆ తర్వాతి సంగతి తిరిగొచ్చాక తనే చెప్పింది. చివర్లో ఏమైనా అందా అని మరిదిని అడిగిందట.

"పొద్దున కాస్త తెలివొచ్చింది వదినగారూ. మీరొస్తున్నారని చెప్పాను. అక్క బడలికతో వస్తుంది, ఫ్యాను కింద పక్క వేసి ఉంచండి అంది."

పక్క గదిలో ఉతికిన దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. అక్కడున్నన్నాళ్లూ పెద్దమ్మ ఆ మంచమెక్కలేకపోయింది. దాని పక్కనే నేలమీద చాప వేసుకుని పడుకుంది.